సెలవు దొరకని దయ్యానికి నీలం ముద్ర

"మన పౌరులు ఫోన్లో బొమ్మల కథలు చదువుతూ రోజంతా మెడలు వంచుకునే ఉంటున్నారు. ఆ మెడలు ఎత్తడం ప్రభుత్వం వల్ల కాదు. వంచిన మెడ కింద ఏముండాలో నిర్ణయించడం మాత్రం మా వల్ల అవుతుంది!"

హ్వారిమ్ నగర ఉపమేయర్ ప్యో గిల్‌తే గారు పత్రికల వాళ్ల ముందు ఇలా ప్రకటించారు. ఇకమీదట వెబ్ కామిక్స్‌లో మేలైనవి ఏరి, ఒక్కోదానికి 'చదవదగినది' అని నీలం ముద్ర వేస్తారు. పత్రికల వాళ్లు ఈ చారిత్రక ప్రకటనను మెడలు వంచుకుని ఫోన్లలో రాసుకున్నారు.

ఏరే భారం సాంస్కృతిక విభాగం అధికారి మేంగ్ సుబోక్ మీద పడింది. సుబోక్ లోలోపల మురిసిపోయాడు. ప్రతి గురువారం మెట్రోలో ఒక చేత్తో పిడి, ఒక చేత్తో ఫోన్ పట్టుకుని 'సెలవు దొరకని దయ్యం' చదవనిదే అతనికి వారం గడవదు. అందులో, సెలవు అర్జీ పై ఆఫీసరు బల్ల మీద ఉండగానే చచ్చిపోయిన గుమాస్తా ఒకడు, సంతకం కోసం ఇంకా రోజూ ఆఫీసుకొస్తుంటాడు. ఆ సంతకం పడుతుందా, పడదా? సుబోక్‌కు సొంత ప్రమోషన్ కన్నా ఇదే పెద్ద బెంగ. ఆ కథను తనే ముందుగా ఎంపికలో పెట్టాడు.

ఉపమేయర్ గారు ఫోన్‌ను నమ్మరు. కాబట్టి పైనుంచి కిందికి సాగే ఆ కథలన్నిటినీ అచ్చు వేయించి, అతికించి, కారిడార్ పొడవునా గోడకు అడ్డంగా అంటించారు. కారిడార్ బొమ్మల కొలువైంది. కొలువు చేసేవాళ్లు బొమ్మలయ్యారు. ఎందుకంటే ఆ ఆఫీసులో ఉపమేయర్ గారి పెదవి కదిలేదాకా ఇంకెవరి పెదవీ కదలకూడదు. కదిలితే పదవి కదులుతుంది.

"ఏమయ్యా మేంగ్, ఇది చూస్తుంటే నవ్వొచ్చేలా ఉందే?"

"హాస్యం సార్."

"ఆఫీసు వేళల్లో నవ్వితే పనెవడు చేస్తాడు? తీసెయ్. ఇదేమిటి, తర్వాతేమైందో తెలుసుకోవాలనిపిస్తోంది?"

"ఉత్కంఠ సార్."

"జనం దిగాల్సిన స్టేషన్ దాటిపోరూ? తీసెయ్!"

దయ్యం దగ్గర ఆయన ఆగారు.

"చచ్చాక కూడా డ్యూటీకొస్తున్నాడా! ఇదయ్యా క్రమశిక్షణ! వెయ్యి నీలం ముద్ర!"

మిగతా బొమ్మలు చూడకుండానే ఆయన టీకి వెళ్లిపోయారు.

ముద్ర పడింది. పాఠకులూ పడిపోయారు. 'ప్రభుత్వం మెచ్చిందా? ఇక సెలవు' అని ఒకడు రాశాడు. 'మా టీచర్ దీన్ని హోంవర్కుగా ఇచ్చింది' అని ఇంకో పిల్ల ఏడ్చింది.

వారం తిరక్కుండా, ఆ బొమ్మలు గీసే తాక్ ఉన్‌ఛే బేరిపండ్ల పెట్టె మోసుకుంటూ సుబోక్ గదికొచ్చింది.

"మేంగ్ గారూ, దయ్యాన్ని కూడా చంపొచ్చని మీ ఆఫీసును చూశాకే తెలిసింది! ఆ ముద్ర తీయించండి, మీకు పుణ్యముంటుంది. నెలాఖరుకు కథ ఆపేస్తామంటున్నారు సైటు వాళ్లు."

"ఆపేస్తారా? మరి సంతకం?"

"ఏ సంతకమండీ?"

"సెలవు అర్జీ మీద!" అన్నాడు సుబోక్.

"బొమ్మ గీయనిస్తేగా, పడుతుందో లేదో తెలిసేది!"

సుబోక్ తిన్నగా ఉపమేయర్ గారి గదికి వెళ్లి నడుం వంచాడు.

"సార్, పొరపాటైంది. ఆ కథలో అర్జీని బల్ల మీదే ఉంచుకుని మీటింగుల్లో కునుకు తీసే ఆఫీసరున్నాడు, చూశారా?"

"అంతదూరం వెళ్లలేదు. ఉంటే?"

"జనం ఆయన్ని గుర్తుపడుతున్నారు సార్."

"బట్టతలా?"

"పక్క జుట్టు తెచ్చి పైన దువ్వుకున్నారు సార్."

ఉపమేయర్ గారి చెయ్యి తనంతట తానే నెత్తి మీదికి వెళ్లి, అక్కడ దువ్వి ఉన్నదాన్ని తడిమింది.

మర్నాడే మళ్లీ పత్రికల వాళ్లు వచ్చారు. నీలం పోయి ఎర్ర ముద్ర పడింది: 'చదవరానిది'. సాయంత్రానికల్లా మెట్రో పెట్టెల నిండా దయ్యమే. సైటు వాళ్లు కథను ఇంకో రెండేళ్లు సాగదీయమని ఉన్‌ఛేను బతిమాలుకున్నారు. ఆ గురువారం బొమ్మలో ఆఫీసరు నిద్ర లేచి, పెన్ను తీసి, మూత విప్పాడు. మిగతాది వచ్చే వారం. సుబోక్ దిగాల్సిన స్టేషన్ దాటిపోయాడు.

ఆలస్యంగా ఆఫీసుకొచ్చిన అతణ్ణి ఉపమేయర్ గారు తిట్టలేదు. తలుపు మూయించి కూర్చోబెట్టారు.

"మేంగ్, నగరపాలక సంస్థ నా జీవితం మీద గీయించిన కామిక్ ఉంది కదా, 'ప్రజల ప్యో'. దానికి నీలం ముద్ర మనమే వేశాం. ఎన్నికలొస్తున్నాయి, ఎవడూ చదవట్లేదు."

"అవును సార్... అంటే, అయ్యో సార్!"

"నాక్కూడా ఎర్ర ముద్ర కావాలయ్యా. ఘాటుగా ఒక ప్రకటన రాయి. నేనే చదువుతాను."

సుబోక్ మనసుపెట్టి రాశాడు. అంత తేలిగ్గా అతను ఏ ప్రకటనా రాసి ఎరుగడు. ఉపమేయర్ గారు కెమెరాల ముందు బల్ల గుద్ది మరీ చదివారు: "ఈ కథలో నాయకుడు ఏ పనీ చేయడు! మొదటి బొమ్మ నుంచి చివరి బొమ్మదాకా రిబ్బన్లే కత్తిరిస్తాడు! ఇలాంటిది ఏ పౌరుడూ చదవకూడదు!"

హ్వారిమ్ నగర ప్రజలు ప్రభుత్వంతో ఏకగ్రీవంగా ఏకీభవించడం అదే మొదటిసారి.