ఆగే బ్రేకు, ఆపే బ్రేకు

చక్రాన్ని కనిపెట్టినవాడిని మానవజాతి కొన్ని వేల ఏళ్లుగా పొగుడుతూనే ఉంది. ఆ చక్రాన్ని ఆపడం ఎలాగో కనిపెట్టిన రెండోవాడి గురించి మాత్రం ఎవరూ ఎక్కడా ఒక్క మంచి మాట చెప్పలేదు. ఈ అన్యాయాన్ని సరిదిద్దడానికి మా వ్యాను కంపెనీవారు నడుం కట్టారు. బ్రేకు అనే చిన్న వస్తువుకు ఒక యాప్, ఒక కమిటీ, ఒక రద్దు ఫారం, యాభై అంశాల తనిఖీ పత్రం కేటాయించి, దాన్ని తగిన గౌరవంతో ఒక మూల కూర్చోబెట్టారు.

ముందు నా గురించి రెండు ముక్కలు. పేరు సత్యనారాయణ. బెజవాడలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో ముప్ఫై ఒక్క సంవత్సరాలు జనం చేత ఫారాలు నింపించాను. అందులో సగం ఏడో గడి దగ్గర తప్పుపట్టి వెనక్కి పంపాను. పోయిన ఏడాదే రిటైరయ్యాను. కాబట్టి ఒక పద్ధతి మంచిదో చెడ్డదో నాకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. పని ఎవరి వల్ల ఆగిపోయిందో చివరిదాకా తెలియకపోతే అది మంచి పద్ధతి.

మాకు ఏడు సీట్ల వ్యాను ఉంది. కొన్నరోజున షోరూం ముందే నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించాం. తరవాత రెండున్నరేళ్లపాటు బ్రేకుల విషయంలో మా కుటుంబం తీసుకున్న జాగ్రత్త అదే. (సర్వీసుకు వేళకే ఇచ్చేవాళ్లం. వాళ్లు బండిని కడిగి, సీట్లకు సెంటు కొట్టి, నవ్వుతూ తాళం చేతికిచ్చేవారు.)

ఒక సోమవారం ఉదయం రామవరప్పాడు రింగు దగ్గర సిగ్నల్ పడితే బ్రేకు తొక్కాను. ముందు చక్రం దగ్గర కీచుమంది. పక్కన కూర్చున్న మా ఆవిడ శాంభవి, బండి ఏడుస్తోందండీ అంది. ఇంట్లో మూడో నెల పసిపిల్ల ఉన్నప్పుడు ఏ శబ్దమైనా ఏడుపులాగే వినిపిస్తుందని నేను సర్దిచెప్పబోయాను. రెండో సిగ్నల్ దగ్గర బండి మళ్లీ ఏడ్చింది. ఈసారి అనుకున్న చోటికంటే నాలుగడుగులు ముందుకెళ్లి ఆగింది కూడా.

పసిపిల్ల అంటే మా మనవరాలు. మా అమ్మాయి శ్రీదుర్గ పురిటికి మా ఇంటికే వచ్చింది. ఆ వచ్చే ఆదివారం ఉదయం తొమ్మిది గంటల పన్నెండు నిమిషాలకు తల్లినీ బిడ్డనూ మైలవరంలో అత్తగారింటికి పంపాలని పంతులుగారు ముహూర్తం పెట్టారు. పిల్లకు అదే మొదటి ప్రయాణం. మా వ్యానులోనే, నేను నడపగా, అమ్మమ్మ ఒళ్లో.

"బయల్దేరడానికి ముహూర్తం పంతులుగారు పెట్టారు. ఆగడం సంగతి మీరు చూడండి. పిల్ల నా ఒళ్లో ఉంటుంది," అంది శాంభవి.

ఆ సాయంత్రమే యాప్ తెరిచాను. కంపెనీవారికి మాతృభాష మీద ఉన్న మమకారం వల్ల అది ఈ మధ్యే పూర్తిగా తెలుగులోకి వచ్చింది. బండి కడుగుట, సీట్లకు సువాసన, అద్దములకు మెరుగు, వరుసగా చాలా ఉన్నాయి. అన్నింటికన్నా కింద ఒక ప్రశ్న: "మీ వాహనమునకు బ్రేక్ కావలెనా? అవును / కాదు." ఇంత స్పష్టమైన ప్రశ్న నా ఉద్యోగ జీవితం మొత్తంలో నేను ఎవరినీ అడగలేదు. మనసులోనే వాళ్లకు నమస్కారం పెట్టి, అవును మీద నొక్కాను.

రెండు క్షణాల్లో జవాబొచ్చింది. "అభినందనలు! మీ వాహనమునకు తొంభై రోజుల బ్రేక్ మంజూరు చేయబడినది."

మంజూరు అనే మాట చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. శాంభవికి చూపించాను. ఆమె రెండుసార్లు చదివి, తొంభై రోజుల తరవాత ఆగదా అని అడిగింది. అది గ్యారంటీ గడువు అయి ఉంటుందని చెప్పాను. తెలియనప్పుడు ధైర్యంగా చెప్పడం కూడా నాకు సర్వీసులో అబ్బిన విద్యే.

మంగళవారమంతా మెకానిక్ కోసం ఎదురుచూశాం. ఎవరూ రాలేదు. బుధవారం పొద్దున్నే గన్నవరం రోడ్డులో ఉన్న సర్వీసు సెంటరుకు నేనే బండి తీసుకెళ్లాను. టోకెన్ ఇచ్చారు. టీ ఇచ్చారు. మెత్తటి సోఫాలో కూర్చోబెట్టి, మరో టోకెన్ ఇచ్చారు. (మొదటిది టీ కోసమట.) గంటన్నర తరవాత జాన్ పాల్ అనే సర్వీసు సలహాదారు వచ్చాడు. ముప్ఫై ఏళ్ల కుర్రాడు, మర్యాదస్తుడు. చేతిలో పలకలాంటి ట్యాబు. అందులో నా బండి నంబరు కొట్టి చూసి, ముఖం ఇబ్బందిగా పెట్టాడు.

"సార్, మీరు బండికి విశ్రాంతి అడిగారండి."

సంగతేమిటంటే, ఇంగ్లీషులో ఆపే బ్రేకుకు ఒక స్పెల్లింగు ఉంది, మధ్యలో తీసుకునే విరామానికి మరో స్పెల్లింగు ఉంది. అవి రెండూ మన భాషలోకి వచ్చి ఒకే మాటలో కాపురం పెట్టాయి. యాప్ అడిగింది రెండోదాని గురించి. ఊరెళ్లే ఖాతాదారులు సర్వీసు గడువులకు కొన్నాళ్లు విరామం కోరుకోవచ్చు. విరామంలో ఉన్న బండికి కంపెనీ ఏ పనీ చెయ్యదు. బోల్టు కూడా ముట్టుకోదు. నేను బ్రేకు బాగుచెయ్యమని అడిగి, బాగుచెయ్యవద్దని రాతపూర్వకంగా కోరుకున్నవాణ్ణయ్యాను.

జాన్ పాల్ నన్ను పైఅంతస్తులో భాషా సమన్వయాధికారి గదికి తీసుకెళ్లాడు. ఆయన పేరు వెంకటకృష్ణారావు. ఆ ప్రశ్నను తెలుగులోకి తెచ్చింది ఆయనే. దాన్ని నిజంగా నొక్కిన మనిషిని కళ్లారా చూస్తున్నందుకు చాలా సంతోషించారు. కుర్చీ వేయించారు. విరామం అని రాసి ఉంటే సరిపోయేది కదండీ అని నేను మెల్లగా అన్నాను.

"జనానికి అర్థమయ్యే మాట వాడాలి కదండీ," అన్నారాయన.

రద్దు చేసుకునే సదుపాయం ఉంది. దానికో ఫారం. ఇలాంటి పొరపాట్లు జరగకూడదనే ముందుచూపుతో అందులో మొదటి గడిలోనే స్పష్టంగా అడిగారు: "మీరు రద్దు చేయదలచినది ఆగే బ్రేకా, ఆపే బ్రేకా?" పొరపాటున ఎవరైనా రెండోదానికి టిక్కు పెడితే ఏమవుతుందని అడిగాను. ఒకాయన పెట్టారని, ఆ తరవాత ఆయన నుంచి ఏ ఫిర్యాదూ రాలేదని వెంకటకృష్ణారావుగారు చెప్పారు.

నేను జాగ్రత్తగా మొదటిదానికే పెట్టాను. ఫారం తీసుకుని, రద్దుల కమిటీ సోమవారం కూర్చుంటుందన్నారు. ఆదివారం మనవరాలి ప్రయాణం ఉందని చెప్పాను. ఆయన రాతిగుండె మనిషి కాదు. పసిపిల్ల సంగతి ఫారంలో ఎక్కడైనా రాయడానికి వీలుందేమోనని ఇద్దరం కలిసి, వెనక పేజీ కూడా తిప్పి వెతికాం. అలాంటి గడి లేదు. ఆయన వెతికిన తీరు నాకు బాగా తెలుసు. కిటికీకి అవతల ఎవరైనా కళ్లనీళ్లు పెట్టుకుంటే నేనూ అలాగే కళ్లద్దాలు సవరించుకుని, కాగితం తిప్పి తిప్పి వెతికేవాణ్ణి. ఆ క్షణంలో నా మీద నాకే ఒళ్లు మండింది. కానీ లేచి దండం పెట్టి వచ్చేశాను, అలవాటు.

ఉత్తచేతులతో పంపడం ఇష్టంలేక, విరామంలో ఉన్న బండ్లకు వర్తించే ఉచిత చూపు తనిఖీకి ఆయన అనుమతి రాశారు. అంటే బండిని ముట్టుకోకుండా యాభై అంశాలను చూడటం. జాన్ పాల్ నాలుగు నిమిషాల్లో యాభై చూశాడు. ఇరవై మూడో అంశం శబ్దం. అద్దాలు ఎత్తి, ఏసీ వేసి, పాట పెట్టి, ఆవరణలోనే నడకవేగంతో ఒక చుట్టు తిప్పాడు. శబ్దం లేదు అని రాసుకున్నాడు. ముప్ఫై ఒకటో అంశం బ్రేకులు. బ్రేకు ప్యాడ్లు కనిపించాలంటే చక్రం ఊడదీయాలి. ఊడదీస్తే అది సర్వీసు కిందికి వస్తుంది. విరామంలో సర్వీసు నిషిద్ధం. అందుకని చక్రాన్ని బయటినుంచే కాసేపు చూసి, "చక్రం ఉంది, బాగుంది" అని టిక్కు పెట్టాడు. ముందు అద్దానికి ఒక మూల యాభైకి యాభై అని గుండ్రటి పచ్చ స్టిక్కరు అంటించాడు.

నేను బండెక్కి ఇంజను వేశాక, గేటు దాకా నడిచొచ్చాడు. రేపో మాపో ఆఫీసు నుంచి మార్కులు అడుగుతూ ఫోనొస్తుందని, పదికి పది ఇవ్వమని బతిమాలాడు. తొమ్మిదిచ్చినా తమకు సున్నా కిందే లెక్కట. రెండు సున్నాలొస్తే బండ్లు కడిగేచోటికి మార్చేస్తారట. ఇవి అందరికీ చెప్పే మాటలే, నేనూ తలూపాను. తరవాత అటూ ఇటూ చూసి, కిటికీ దగ్గరకు వంగాడు.

"సార్, నేను చెప్పానని ఎక్కడా అనమాకండి. ఆటోనగర్‌లో అంతోని అని ఉంటాడు. చక్రం ఊడదీయించి చూపించుకోండి. పిల్లని ఎక్కించకముందే చూపించుకోండి."

బయటి చెయ్యి తగిలితే వారంటీ పోతుందని బండి పుస్తకంలో లావుపాటి అక్షరాల్లో ఉంది. గురువారం ఆటోనగర్‌లో అంతోని షెడ్డు ముందు బండి ఆపి, ఆ పేజీ మరోసారి చదువుకున్నాను. ముప్ఫై ఒక్క ఏళ్లు నిబంధనల మీద బతికినవాణ్ణి. చెప్పులు విడిచినంత సులువుగా విడవలేను. నేను ఆ పేజీ చదువుతూ ఉండగానే అంతోని జాకీ పెట్టేశాడు. టోకెన్ లేదు, టీ కూడా లేదు. నేను కిందికి దిగి మంజూరు, విరామం, రద్దుల కమిటీ, అన్నీ వరసగా చెప్పడం మొదలుపెట్టాను. కమిటీ దగ్గరకొచ్చేసరికి చక్రం నేలమీద ఉంది.

ఏదో నల్లటి ముక్క తీసి నా అరచేతిలో పెట్టాడు. బ్రేకు ప్యాడట. చక్రాన్ని పట్టుకుని ఆపే మెత్తటి భాగం పూర్తిగా అరిగిపోయింది. మిగిలిందంతా రేకు.

"ఇనుముకి ఇనుం తగుల్తోందండీ. దీంతో ఎన్నాళ్లు తిరిగారు?"

యాభైకి యాభై వచ్చిందయ్యా అన్నాను. అతను వెళ్లి ముందు అద్దం మీది స్టిక్కరును గోటితో గీకి చూశాడు. బాగా అంటించారండీ, ఊడదు అన్నాడు. షెడ్డులో లోపలివైపు మరో బండి చక్రాలు లేకుండా నిలబడి ఉంది. చెడిపోయిన బండ్లను తీసుకురావడానికి సర్వీసు సెంటరువాళ్లు పంపే వ్యాను అది. దాని అద్దం మీద కూడా పచ్చ స్టిక్కరు ఉంది. వాళ్లు పాత కస్టమర్లని అంతోని చెప్పాడు. ముప్పావు గంటలో మా బండికి కొత్త ప్యాడ్లు వేసి, నన్నే కూర్చోబెట్టి తొక్కి చూసుకోమన్నాడు. తొక్కాను. ఆగింది. అందులో విశేషమేమీ లేదన్నట్టు అతను రెండో బండి దగ్గరకు వెళ్లిపోయాడు.

ఆదివారం తొమ్మిదీ పన్నెండుకు బయల్దేరాం. కొండపల్లి దాటాం. జి.కొండూరు దగ్గర పక్కదారిలోంచి ఒక ట్రాక్టరు, చూడకుండా, హారను కొట్టకుండా, తొట్టితో సహా రోడ్డుకు అడ్డంగా వచ్చేసింది. బ్రేకు తొక్కాను. బండి ఆగింది. మా బంపరుకూ తొట్టికీ మధ్య మూరెడు జాగా మిగిలింది. ట్రాక్టరతను చెయ్యూపి తన దారిన పోయాడు. నేను వెనక్కి తిరిగి చూశాను. మనవరాలు అమ్మమ్మ చీర కొంగు గుప్పిట్లో పట్టుకుని నిద్రపోతోంది, లేవలేదు. శాంభవి నా భుజం మీద చెయ్యి వేసి, అలాగే ఉంచింది. సిగ్గేమీ లేదు, ఏడ్చాను. చక్రాన్ని ఆపడం కనిపెట్టిన ఆ పేరులేని రెండోవాడికి రోడ్డు మధ్యలోనే దండం పెట్టుకున్నాను.

సోమవారం మధ్యాహ్నం కంపెనీ ఖాతాదారుల ఆనంద విభాగం నుంచి ఫోనొచ్చింది. బ్రేక్ విషయంలో మా సేవలకు పదికి ఎన్ని ఇస్తారని ఒక అమ్మాయి తియ్యగా అడిగింది. సున్నా అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. జాన్ పాల్ కిటికీ దగ్గరకు వంగడం గుర్తొచ్చింది. ఉద్యోగం పోతుందనే భయం ఉన్నా ఆ ఒక్క మాట చెప్పాడతను. అతను చెప్పకపోతే ఆ మూరెడు జాగా లేదు. పది ఇచ్చాను. అది మనిషికిచ్చిన పది, పద్ధతికి కాదు అని కూడా చెప్పాను. ఆ ముక్క రాసుకోవడానికి తన దగ్గర ఖాళీ లేదండీ అంది ఆ అమ్మాయి.

సాయంత్రానికి సందేశం వచ్చింది. "రద్దుల కమిటీ నేడు సమావేశమైనది. మీతో సహా ఖాతాదారులందరూ పదికి పది ఇచ్చుచున్నందున మా విధానములో మార్చవలసినది ఏమియు లేదని తీర్మానించడమైనది. కృతజ్ఞతాపూర్వకముగా మీ వాహనమునకు మరియొక తొంభై రోజుల బ్రేక్ మంజూరు చేయబడినది."

మా చుట్టుపక్కల ప్రస్తుతం ఎన్ని బండ్లు బ్రేకులో ఉన్నాయో నాకు తెలియదు. పచ్చ స్టిక్కరును బట్టి గుర్తుపట్టవచ్చు. రోడ్డు దాటేటప్పుడు మాత్రం మీరే ఆగండి.