లిక్‌ఫోర్క్ సంతకాల పుస్తకం

ఆ ఉదయం వెర్నా స్టిడమ్ తలపెట్టిన పని ఒక్కటే. ఇంటి వెనక కొండవాలులో చిక్కుళ్ళు కోతకొచ్చాయి. వాటిని కోసి, ఊళ్ళోంచి సీసా మూతలు తెచ్చుకుని, చలికాలానికి సీసాల్లో నిలవబెట్టాలి. కెంటకీ కొండల్లో లిక్‌ఫోర్క్ లోయలో పుట్టి పెరిగిన ఆవిడకు జూలై అంటే అదే. ప్రభుత్వ పింఛను కార్డులో పడే రోజు కాబట్టి, ఎంత ఉందో చూసుకోవడానికి ముందుగా కార్డు కంపెనీకి ఫోను చేసింది. ఎనిమిది వందల నలభై డాలర్లు ఉండాల్సిన చోట రెండు వందల నలభై ఉన్నాయి.

"మిగతావి ఏవి బాబూ?"

"పొద్దున్నే మయామీలో మీరే తీశారు కదమ్మా."

"మా ఆయన పోయాక నేను ఈ జిల్లా దాటలేదు."

"రహస్య నంబరు సరిగ్గానే కొట్టారు. అంటే తీసింది మీరే. సరే, మీ తృప్తికోసం ఖాతా మూసేస్తున్నా. ఉన్నవి ఇక ఎవరూ ముట్టుకోలేరు."

వెర్నా ఫోను పెట్టేసింది. నెల గడిచే డబ్బు పోవడం ఒక ఎత్తు, ఆ దొంగవి నువ్వేననిపించుకోవడం ఒక ఎత్తు.

లిక్‌ఫోర్క్‌లో కష్టం వస్తే ముందు చర్చి ప్రార్థన గొలుసుకు చెప్పుకుంటారు. ఒకరు ఇద్దరికి ఫోను చేస్తే, ఆ ఇద్దరు నలుగురికి చేస్తారు. గొలుసు మొదట్లో పక్కింటి ఓపల్ ఉంటుంది.

"సిస్టర్ ఓపల్, గవర్నమెంటు కార్డు ఖాతా మూసేశారు. నాకోసం ప్రార్థన పెట్టించు," అని చెప్పి వెర్నా బుట్ట తీసుకుని కొండెక్కింది. చిక్కుళ్ళు ముదిరితే పనికిరావు.

ఓపల్ ఆ మాటే లొరెట్టాకు చెప్పింది. లొరెట్టా ముప్పై ఏళ్ళు బొగ్గు గని గేటు దగ్గర, లోపలికి దిగేవాళ్ళ పేరూ టైమూ రాసిన మనిషి. అన్నీ తెలిసినావిడ.

"గవర్నమెంటోళ్ళు ఊరికే ఖాతా మూస్తారా? మా ఆయన క్లైడ్ పోయినప్పుడు తెల్లారేసరికి మూసేశారు," అంది తరువాతి వాళ్ళతో.

వెర్నా ఇంటికి ఫోను చేస్తే ఎవరూ ఎత్తలేదు. దాంతో వెర్నా పోయిందని ఖాయమైంది. శవాన్ని ఆస్పత్రికి తీసుకెళ్ళారని ఎవరికి వాళ్ళు ఎవరో చెప్పినట్టే అనుకున్నారు. గొలుసు చుట్టూ తిరిగి వార్త ఓపల్‌కే చేరింది.

"పొద్దున్నేగా నాతో మాట్లాడింది," అని ఓపల్ ఏడ్చింది. చావు కబురు విన్నవాళ్ళంతా అనే మాటే కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

రెండు గంటలకల్లా నలభై మంది వెర్నా ఇంటికి వచ్చేశారు. చావింటికి వట్టి చేతుల్తో రారు కాబట్టి, బల్లమీద పంది తొడ మాంసం, మొక్కజొన్న రొట్టె, బంగాళాదుంపలు. గుమ్మం దగ్గర లొరెట్టా, చావుకొచ్చినవాళ్ళు పేరు రాసే సంతకాల పుస్తకం పెట్టుకుని కూర్చుంది. మొదటి పేజీలో 'వెర్నా స్టిడమ్ జ్ఞాపకార్థం' అని రాసింది. ప్రతి సంతకం పక్కనా టైము వేస్తోంది.

వెర్నా బుట్టతో కొండదిగి వచ్చి, వాకిట్లో కార్లు చూసి నిలబడింది. మెట్లమీద, అదే చర్చికి వచ్చే డెల్బర్ట్ తల వంచుకుని రొట్టె తింటున్నాడు.

"ఎవరు పోయారు డెల్బర్ట్?"

"నువ్వే, సిస్టర్," అన్నాడు అతను తలెత్తకుండానే. తరువాత ఎత్తాడు.

లొరెట్టా మాత్రం తొణకలేదు. "వచ్చినవాళ్ళెవరైనా సంతకం పెట్టాల్సిందే," అని పెన్ను చేతికిచ్చింది. వెర్నా పెట్టింది. లొరెట్టా గడియారం చూసి రెండూ నలభై వేసింది.

నవ్వులయ్యాక వెర్నా కార్డు సంగతి చెప్పింది. డెల్బర్ట్ పళ్ళెం కింద పెట్టాడు.

"నా డబ్బూ పోయింది, మార్చిలో. కంపెనీవాళ్ళని అడిగితే తీసింది నేనేనన్నారు. సిగ్గేసి మా ఆవిడకి కూడా చెప్పలా."

అతను జేబులోంచి కార్డు తీసి మాంసం పళ్ళెం పక్కన పెట్టాడు. ఓపల్ తనది పెట్టింది. ఒక్కొక్కరే లేచారు. పదకొండు కార్డులు. ఒకే లోయ, ఒకే చర్చి, వారం వారం పక్కపక్కనే కూర్చునే మనుషులు. ఒకరికి తెలియకుండా ఒకరు అంతా దొంగలనిపించుకున్నారు. తినడం ఆపి అందరూ వాటినే చూశారు.

చావుకని వచ్చిన వకీలు హోబర్ట్ గొంతు సవరించుకున్నాడు. "అందరి తరఫునా ఒకే దావా వేయొచ్చు. ముందు ఒక్క పేరు చాలు."

"నాది పెట్టు," అంది వెర్నా. "ఎలాగూ పోయినదాన్నే."

రెండేళ్ళకు కోర్టుకు వెళ్ళేసరికి దేశం నలుమూలల నుంచి అలాగే పోగొట్టుకున్నవాళ్ళు అరవై ఒక్క వేల మంది ఆ పేరు వెనక చేరారు. జాబితా నాలుగు పెట్టెల్లో వచ్చింది. వెర్నా ఒక పెట్టె మూత తీసి, పైకాగితం మీద చెయ్యి వేసి ఉంచింది.

"ఇంతమందీ తప్పు తమదేననుకుని నోరు మూసుకున్నారా," అంది.

కంపెనీ వకీలు నున్నగా మాట్లాడే మనిషి. మూసేశామన్న ఖాతాలోంచే మిగిలిన రెండు వందల నలభై కూడా ఆ రోజే మధ్యాహ్నం రెండూ నలభైకి మయామీలో పోయాయి. అవీ ఆవిడే తీసిందని అతని వాదన.

"ఆ రోజు రెండూ నలభైకి మీరు ఎక్కడున్నారు?"

"నా చావు భోజనాల దగ్గర."

"సాక్షులున్నారా?"

"నలభై మంది. నేనూ సంతకం పెట్టాను."

జడ్జిగారు పుస్తకం తెప్పించుకుని పేజీ పేజీ తిప్పారు. లొరెట్టా టైముల్లో ఒక్క కొట్టివేత లేదు. మధ్యాహ్నం భోజన విరామం కాకముందే కంపెనీ రాజీకి వచ్చింది. అరవై ఒక్క వేల మందికీ ఎవరి డబ్బు వాళ్ళకు, తప్పు మాదేనన్న ఉత్తరంతో సహా వచ్చింది. వెర్నా ఆ ఉత్తరాన్ని పటం కట్టించి గోడకు తగిలించింది.

సాక్ష్యంగా దాఖలైన ఆ పుస్తకం మొదటి పేజీని పింఛను ఆఫీసులో ఎవరో చదివి నిజమే అనుకున్నారు. మరుసటి నెల పింఛను ఆగిపోయింది. వెర్నా మళ్ళీ ఓపల్‌కు ఫోను చేసి, ఖాతా మూసేశారు, ప్రార్థన పెట్టించమంది.

ఈసారి ఓపల్ ఎవరికీ చెప్పకుండా, ముందు నడిచి వెళ్ళి మనిషిని చూసి వచ్చింది.