మూడు క్షమాపణల పెన్‌డ్రైవ్

లోకంలో భర్తలు చేసే నేరాల్లోకెల్లా ఘోరమైనది, అడగందే సలహా ఇవ్వకపోవడం! జావా దీవిలోని జొగ్జా ఊళ్లో కంప్యూటర్ మేష్టారైన మా ఆయన హందోయో పాతికేళ్లుగా ఈ నేరం చేస్తూనే ఉన్నారు. అందువల్లే మా వీధి ఆడవాళ్ల సంఘంలో లినక్స్ పండితురాలి పదవి నాకు దక్కింది. ఎవరూ ఇవ్వలేదు, నేనే తీసుకున్నాను.

నెలనెలా పసిపిల్లల్ని తూచి, ఆ బరువుల్ని వార్డు ఆఫీసు పంపిన పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఇవ్వడం నా పని. ఈసారి మా ఇంటి లినక్స్ కంప్యూటర్లో పట్టిక తెరుచుకుంది గానీ, ఒక్క అంకె మార్చబోతే "మీకు రాసే అనుమతి లేదు" అంది. అందరికీ అన్ని హక్కులూ ఇచ్చే మూడు ఏడుల ఆజ్ఞ ఒకటి నాకు కంఠతా వచ్చు. కొట్టాను. కంప్యూటర్ అచ్చం మా జావా మనిషిలాగే కాదనలేదు, చెయ్యనూ లేదు.

పండితురాలికి తెలియకపోవడమేమిటి? వార్డు గుమాస్తాకి ఫోన్ చేశాను.

"సుబెక్తీ, మీ డ్రైవ్‌కి తాళం పడిపోయిందయ్యా."

"అయ్యో, క్షమించండి బు వెనింగ్. మా పొరపాటే అయ్యుంటుంది." వెనింగ్ నా పేరు, "బు" అంటే మా వైపు అమ్మగారు.

రెండో డ్రైవ్ పంపాడు. అదే వరస, అదే క్షమాపణ. మూడోదీ అంతే. అవన్నీ తన ఆఫీసులో శుభ్రంగా పనిచేస్తున్నాయని అతనికి తెలుసు. పెద్దదాన్ని కాదనడం మర్యాద కాదని తప్పు తన మీదే వేసుకున్నాడు. వార్డు అధికారిణి మాత్రం మూడు క్షమాపణల్నీ నేరాంగీకారాలుగా ఫైల్లో పెట్టించింది. సోమవారం మీటింగులో అతని కాంట్రాక్టుకి మంగళం పాడతారట.

అప్పుడు మా ఆయన్ని అడిగాను. ఆయన మా కంప్యూటర్ సెట్టింగుల్లో ఒక వాక్యం తెర మీద చూపించారు.

"ఈ రకం డ్రైవ్‌కి హక్కులు తగిలించేటప్పుడే ఖాయమైపోతాయి. తర్వాత ఎన్ని ఏడులు కొట్టినా వినదు. ఇక్కడ ఏ డ్రైవ్ పెట్టినా పెత్తనం రూట్ అనే యజమాని ఖాతాది, మిగతావాళ్లు చదువుకోవచ్చంతే అని రాసుంది. ఎవరు రాశారిది?"

"వీధి పిల్లలు ఆడుతూ పట్టికలు చెరిపేస్తున్నారని... నేనే, పోయిన నెల."

ఆయన నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

మీటింగులో అధికారిణి ఫైలు విప్పగానే లేచాను.

"డ్రైవ్‌లు బాగానే ఉన్నాయండీ. దోషం మా కంప్యూటర్లో ఉంది."

"అంత మాటెందుకు బు, కరెంటు వల్లయ్యుంటుంది" అంది పక్కింటావిడ.

"తేమ కూడా ఎక్కువే ఈ మధ్య" అంది అధికారిణి.

సుబెక్తి లేచాడు. "లేదండీ, నేనే క్షమాపణ..."

వాడివి మూడూ టకటకా పుచ్చుకున్నవాళ్లు, నాది ఒక్కటి పుచ్చుకోరే!

"నువ్వు కూర్చో నాయనా. ఆ వాక్యం రాసింది నేను. నాకు రాదని చెప్పలేక మూడుసార్లూ నీ నెత్తిన రుద్దాను. తప్పు నాదే. మేడమ్, ఫైల్లో రాసుకోండి."