బీరువా మోత: కమిటీ నివేదిక

“పిల్లల చేతికి ఏ ఆట ఇచ్చినా ముందు దానిని పెద్దలు పరీక్షించి, ధ్రువీకరించి, సంతకం చేయవలెను!” అని కోకాపేటలోని ఒక నలభై అంతస్తుల టవర్ల నివాసుల సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది.

పరీక్షకు వచ్చిన వీడియో గేమ్ పేరు ‘బీరువా మోత’. తెర మీద ఇద్దరు కూలీలు చెరో కొస పట్టుకుని ఒక బీరువాను తాళ్ల వంతెన దాటించాలి. అడుగులు కలవకపోతే బీరువాతో సహా ఇద్దరూ ఏట్లో పడతారు. వేసవి సెలవుల్లో దాన్ని క్లబ్‌హౌస్‌లో పెట్టించమని పిల్లలంతా అర్జీ ఇచ్చారు. వాళ్ల నాయకురాలు పింకీ, వయసు పదమూడు, సంఘం అధ్యక్షుడు వీరేశానికి మనవరాలు.

కమిటీలో ఇద్దరే. ఒకరు వీరేశం; ఆ టవర్లు లేచిన నేల ఒకప్పుడు ఆయన జొన్నచేను. రెండోవాడు బుల్లిబాబు. భీమవరం నుంచి వచ్చి, హైటెక్ సిటీలో మూడొందల మందికి టీమ్‌వర్క్ పాఠాలు చెప్పే మేనేజర్. ఇలాంటి ఆట తనకు గంట పని అని భార్య రత్నమాలతో చెప్పి వెళ్లాడు. ఆ గంట మూడు వారాలు సాగింది.

చిక్కల్లా ఒక్కటే. వంతెన ఇరుకు. ఇద్దరిలో ఒకరు వెనక్కి నడవాలి.

“అధ్యక్షున్ని నేను. ఎన్కకు నడుస్తనా?” అన్నాడు వీరేశం.

“మీరు పెద్దలు, కాదననండి. కానీ లీడ్ చేసేవాడు ముందుండాలండి,” అన్నాడు బుల్లిబాబు.

ఇద్దరూ ముందుకే నడిచారు, ఎవరి ముందుకు వాళ్లు. నూట పద్నాలుగు సార్లు ఏట్లో పడ్డారు. పడ్డ ప్రతిసారీ బుల్లిబాబు ఆఫీసు అలవాటు కొద్దీ ‘పతనానికి మూలకారణం’ అని ఒక పేజీ రాసి వీరేశానికి మెయిల్ పెట్టేవాడు. ఏ పేజీ చూసినా మూలకారణం వీరేశమే.

పాపం, బుల్లిబాబుకు లోపల గుబులుగానే ఉంది. మూడొందల మందికి పాఠం చెప్పేవాడు మొదటి వంతెన దాటలేకపోయాడని తెలిస్తే ఆఫీసులో తలెత్తుకోవడం ఎలా? ఆటను నిషేధిస్తే ఎవరికీ తెలియదు. ఈ ఒక్క విషయంలో వీరేశం కూడా వెంటనే ఒప్పుకున్నాడు. నివేదిక ఫారంలో ‘పిల్లల ప్రవర్తనపై ప్రభావం’ అనే పట్టిక ఉంది. డేటా లేకుండా ఒక్క గడి కూడా నింపని మనిషి బుల్లిబాబు. కళ్లారా చూసిందే నింపాడు.

ఆదివారం సర్వసభ్య సమావేశంలో ఆ నివేదికను పింకీ చేతే చదివించారు. బాలల గొంతులో వినిపిస్తే హుందాగా ఉంటుందని బుల్లిబాబే ఈ ఏర్పాటు చేశాడు.

“ఒకరినొకరు తిట్టుకొనుట, తీవ్రం. వేళకు అన్నం తినకపోవుట, తీవ్రం. మీటింగని ఇంట్లో అబద్ధమాడుట, రోజూ. రిమోట్ నేలకు కొట్టుట, రెండుసార్లు. అలిగి లిఫ్టులో మొహం తిప్పుకొనుట, నాలుగు రోజులు. కావున ఆట పిల్లలకు పనికిరాదు.”

చదవడం ముగించి పింకీ కాగితం వెనక్కి తిప్పి చూసింది.

“అంకుల్, మాకైతే ఆట ఇయ్యనే లేదు. మరి ఈ పిల్లలు ఎవరు?”

వీరేశం భార్య భూలక్ష్మి మొదటి వరుసలోంచి నింపాదిగా లేచింది.

“ఒకడు మా ఇంట్లనే ఉంటడు బిడ్డా. మొన్ననే అర్వైఎనిమిది నిండినయ్.”

“రెండోవాడు మా ఇంట్లోనండి,” అంది రత్నమాల.

అరగంటలో తీర్మానం మారింది. పిల్లలు నిరభ్యంతరంగా ఆడుకోవచ్చు. నలభై ఏళ్లు దాటినవాళ్లు మాత్రం పిల్లల పర్యవేక్షణలోనే ఆడాలి. కింద కమిటీ సభ్యులిద్దరూ సంతకాలు పెట్టారు. ఎవరి సంతకం ముందుండాలన్న దాని మీద పది నిమిషాలు పట్టింది.

అందరూ టీలకు లేచాక బుల్లిబాబు మెల్లగా పింకీ పక్కకు చేరాడు.

“రేపు నాలుగింటికి ఖాళీయేనా తల్లీ? నేను వెనక్కి నడుస్తాను. తాతయ్యకు మాత్రం చెప్పకు.”

“తాత ఇందాకనే ఇదే మాట అడిగిండు అంకుల్,” అంది పింకీ. “మీకు చెప్పొద్దన్నడు.”