దేశవాళీ తాళం

దేశ భద్రత కారు తలుపు దగ్గర మొదలవుతుందని విదేశీ వాహన నిరోధక శాఖ ఏనాడో తేల్చిపారేసింది. అందుకని బయటి కార్ల మీద మూడు వందల శాతం సుంకం వేశారు. అదీ కట్టి తెచ్చుకునే మొండిఘటాల కోసం నలభై రెండు పేజీల దరఖాస్తు పెట్టారు (ఆ నలభై రెండూ చదివానని ప్రమాణం చేయడానికి ఇంకో పేజీ). చివరికి దేశంలో ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకే తెలుపు రంగు మిగిలాయి. పోటీ లేని కంపెనీకి రకరకాల తాళాలు చేయాల్సిన ఖర్మేం పట్టింది? అన్ని కార్లకూ ఒకటే తాళంచెవి చేసింది. ఇళ్ల తలుపులకూ అదే చేసింది.

లెక్కల మాస్టారు దీనికి అలవాటుపడిపోయారు. మొన్నటికి మొన్న పక్కవీధి ఆసామి ఒకడు తన ఇల్లే అనుకుని మాస్టారింట్లోకి వచ్చి, స్నానం చేసి, తువ్వాలు తడిగా ఉందని మాస్టారి భార్యతోనే తగువు పెట్టుకుని వెళ్లాడు. పోనీలే అని సర్దుకున్నారు. కానీ శనివారం సాయంత్రం మందుల షాపులోంచి బయటికొచ్చేసరికి కారు లేదు. కారు పోతే పోయింది, వెనక సీట్లో పదో తరగతి పిల్లల జవాబు పత్రాలున్నాయి. నూట ఎనభై ఆరు, ఆకుపచ్చ నాడాతో కట్టినవి. సోమవారం పొద్దున్నకల్లా మార్కులు అందకపోతే అందరికీ సున్నాయేనని పరీక్షల శాఖ రూలు. మాస్టారు తిన్నగా పోలీసు స్టేషనుకి నడిచారు.

"అద్దం పగిలిందా?" తలెత్తకుండా అడిగాడు స్టేషన్ రైటరు.

"కారే లేదు బాబూ, అద్దం సంగతి నాకేం తెలుసు?"

"కింద గాజుపెంకులున్నాయా?"

"లేవు."

"అయితే తాళంచెవితోనే తీశారు. తాళంచెవి ఉన్నవాడు ఓనరు. ఓనరు తన కారు తను తీసుకెళ్తే కేసేంటి మాస్టారూ?"

"ఓనర్ని నేనయ్యా!"

"మీరూ ఓనరే. కాదని ఎవరన్నారు?" రైటరు గొంతు తగ్గించాడు. "మన తాళం మంచిది కాదని రాసిస్తారా? అప్పుడు దేశవాళీ పరిశ్రమని కించపరిచారని మీ మీదే రాయాల్సొస్తుంది. మా పుస్తకం చూడండి. ఈ ఏడు దేశంలో ఎక్కడా ఒక్క కారు పోలేదు."

పుస్తకం నిజంగానే ఖాళీగా ఉంది. అట్ట మీద 'ఉత్తమ స్టేషన్' అన్న ముద్ర కూడా ఉంది. అయితే రైటరు మనసున్న మనిషి. నిరోధక శాఖ ఆఫీసు వెనక చాలా కార్లుంటాయనీ, ఆదివారం వెళ్లి వెతుక్కోమనీ, దొరక్కపోతే ఏదో ఒకటి తీసుకుపొమ్మనీ సలహా ఇచ్చాడు.

ఆ ఆవరణలో కార్లన్నీ తెల్లగా, బారులు తీరి ఉన్నాయి. నంబరు పలకలూ దేశవాళీవే కాబట్టి తొలి వానకే అంకెలు చెరిగిపోయాయి. మాస్టారు ఒక్కో తలుపూ తీస్తూ పోయారు. ఇరవై మూడు కార్లు మర్యాదగా తెరుచుకున్నాయి. ఒకదాంట్లో పడుకున్నాయన "తలుపేసి వెళ్లండి" అని అటు తిరిగి పడుకున్నాడు. ఇరవై నాలుగోదానికి తాళంచెవి తిరగలేదు. అద్దంలోంచి చూస్తే వెనక సీట్లో ఆకుపచ్చ నాడా. మాస్టారికి సంతోషంతో ఏడుపొచ్చినంత పనైంది.

వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చాడు. "ముట్టుకోకండి సార్, అది మా డైరెక్టరు గారి కారు!"

"నా కారయ్యా ఇది. ఆ కట్ట మా పిల్లలది."

"నిన్న సాయంత్రమే తెచ్చుకున్నారు. రాగానే తాళం మార్పించేశారు. బయటి దేశం సరుకు! పాపం, ఇదివరకు ఆయనవి రెండు కార్లు పోయాయి లెండి. ఏదీ, మీ తాళంచెవి తిప్పండి. తిరిగిందా? మరి మీ కారెలా అవుతుంది?"

చట్టం ఇంత స్పష్టంగా ఉంటే లెక్కల మాస్టారు మాత్రం ఏం చేస్తారు? కట్టలో పై పేపరు ఎప్పుడూ ముప్పై మార్కులు దాటని చివరి బెంచీ అమ్మాయిది. మొదటి లెక్క తప్పు లేకుండా చేసింది. మాస్టారు అద్దానికి ముఖం ఆనించి రెండో లెక్క కూడా చూశారు. అదీ సరిగ్గానే ఉంది. అప్పుడాయన వంగి, ఒక రాయి తీసుకున్నారు.

పావుగంటలో రైటరు వచ్చాడు. గాజుపెంకులు చూసి అతని ముఖం విప్పారింది. "ఇదీ కేసంటే!" అంటూ పుస్తకం తెరిచాడు. జవాబు పత్రాల కట్టకు సాక్ష్యం కింద సీలు వేశాడు. ఆ ఏడాది దేశం మొత్తమ్మీద నమోదైన కారు దొంగతనం అదొక్కటే.