ఆకాశంలో అప్పులు, లింబాయత్‌లో మొక్కు

ఈ సోమలింగం పొగాకు మావా నమలడం ఎందుకు మానేశాడని మన లింబాయత్ బస్తీలో అందరూ నన్ను అడుగుతున్నారు కదా, చెప్తాను. నవ్వినవాళ్లే ఈ చాయ్ డబ్బులివ్వాలి.

నా పక్క మరమగ్గం సాంచె నడిపే షేర్ల టిప్పుల దేవదాస్ మీకు తెలుసు. తన సాంచె మీద పోగు తెగితే కనబడదు గానీ, దేశంలో ఏ షేరు లేస్తుందో కనబడుతుంది. ఒక సాటిలైట్ కంపెనీ షేరు మట్టి ధరకు దొరుకుతోందని ఆయనే చెప్పాడు. దానికి నెత్తి నిండా అప్పులట. కొత్త సాటిలైట్ పైకెళితే అన్నీ తీరిపోతాయట.

నా దగ్గర డబ్బెక్కడిది? మా ఆవిడ ఊర్మిళ చీరలకు లేసులు కుట్టి, మోటారు కుట్టుమిషన్ కోసం దాచుకున్నది ఆమె ఖాతాలో ఉంది. దేవదాస్ షేర్ల ఖాతా కూడా ఆమె పేరుతోనే, ఆమె ఫోన్‌లోనే తెరిచాడు. ఇక ఆమె ఒప్పుకోవడమే తక్కువ.

“అప్పులున్న కంపెనీల పైసలు పెడ్తరా ఎవలన్న?” అంది.

“నీకు తెల్వదే. సాంచెల సేటు అప్పు కట్టకపోతే ఏమైతది? ఫైనాన్సోళ్లు టెంపో తెచ్చి సాంచెలు పీక్కపోతరు. సాటిలైట్‌ను ఎట్ల పీక్కపోతరు? గంత పైకి టెంపో పోతదా?”

“అప్పిచ్చినోనికే అందనిది, ఆని ఎనుక లైన్ల నిలబడ్డ మనకేం అందుతది?”

నేను గొంతు పెంచి అదే టెంపో మాట మళ్లీ చెప్పాను. ఆమె ఫోన్ తీసి, “సరే తీ. ఓటీపీ వచ్చింది, రాసుకో” అంది. పదిహేనేళ్ల కాపురంలో ఆమె ఇంత తొందరగా ఒప్పుకోవడం అదే మొదలు. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

వారం తిరక్కుండా సాటిలైట్ వాయిదా పడింది. షేరు జారింది. మళ్లీ వాయిదా, మళ్లీ జారుడు. నేను నా ఫోన్‌లో రేటు చూస్తుంటే సాంచె మీద పోగులు తెగేవి. గుడ్డ నిండా నేత తప్పులే. సేటు తిట్లు కూడా చెవికెక్కలేదు.

ఒక సాయంత్రం పెద్ద వాన. టీవీలో సీరియల్ చటుక్కున ఆగిపోయింది. “పాయె! సాటిలైట్ పడ్డది!” అంటూ డాబా మీదికి ఉరికాను.

“వాన పడ్తే డిష్ ఎప్పుడు ఆగలేదు? దిగు, జారిపడ్తవ్!” అని ఊర్మిళ కింది నుంచి అరిచింది.

తడిసిన బట్టలతోనే మా నేతన్నల దేవుడు మార్కండేయుడి పటం ముందు నిలబడ్డాను. “తండ్రీ, రేటు నేను కొన్న కాడికి వచ్చేదాక మావా ముట్టను” అని పైకే మొక్కేశాను. ఊర్మిళ వెనకే నిలబడి అంతా వింది.

అన్నిటికన్నా నన్ను భయపెట్టింది ఊర్మిళే. ఆమె మిషన్ ఊసే ఎత్తలేదు. పని కాగానే పక్కింటి కరుణ దగ్గరికి పోయేది. నా మీద మనసు విరిగి అక్కడ ఏడుస్తోందేమో అనుకున్నాను. నిద్ర లేదు, నోట్లో మావా లేదు. చివరికి ఆగలేక బయటపడ్డాను.

“ఊర్మిళా, నీ మిషన్ పైసలు ముంచిన. నన్ను ఏమన్న అను.”

ఆమె నా చెయ్యి పట్టుకుని కరుణ ఇంటికి తీసుకుపోయింది. అక్కడ కిటికీ పక్కన కొత్త మోటారు మిషన్! పక్కన కుట్టిన జాకెట్ల కుప్ప.

“నువ్వు షేర్లు కొన్న తెల్లారే కరుణతోని నా ఫోన్‌ల అన్ని అమ్మించి, దీనికి పైసలు కట్టిన” అంది.

నేను మిషన్‌ను తడిమి చూశాను. “మరి మొదలే గట్టిగ వద్దనకపోయినవ్?”

“వద్దంటే ఫైనాన్సోని దగ్గర అప్పు తెచ్చి కొంటువు.”

నిజమే, కొనేవాణ్ణే. “మరి అమ్మినంక చెప్పద్దా? భయంతోని సచ్చిన గదనే!”

“మిషన్ వచ్చినంక చెప్దామనుకున్న, ఆ లోపల్నే మావా బంద్ చేస్తివి. ఎన్నేండ్ల నుంచి బతిమాలుతున్న నిన్ను? మార్కండేయుడే ఆపిండు, నేనెందుకు నడుమల?”

నా ప్రాణం లేచొచ్చింది. డబ్బు దక్కింది, మిషన్ వచ్చింది, ఇక భయం లేదు. హాయిగా ఊపిరి పీల్చి, మావా కోసం పాన్ డబ్బా కొట్టు వైపు తిరిగాను.

“యాడికి?” అంది ఊర్మిళ. “రేటు ఇంక నువ్వు కొన్న కాడికి రాలేదు గద.”

అందుకే అన్నా, ఒక్క షేరు లేకపోయినా, ఆ సాటిలైట్ చల్లగా పైకెళ్లాలని రోజూ పొద్దున్నే దండం పెడుతున్నాను. నవ్వారుగా, చాయ్ డబ్బులు తియ్యండి.