మూరెడు యాంటెన్నా చాలు

వంతెన కొట్టుకుపోయిన వరద తరువాత మూడో ఏడు నాకో సత్యం బోధపడింది. మనిషిని మంచి పొరుగువాణ్ని చేసేది చర్చి కాదు. కారు మీది యాంటెన్నా!

నవ్వకండి. మా స్లేట్‌లిక్ లోయలో కారున్న ప్రతివాడి కారులోనూ స్కానర్ అనే పెట్టె ఉంటుంది. ఫైరింజన్‌వాళ్లు, అంబులెన్స్‌వాళ్లు, షెరిఫ్ మనుషులు గాలిలో మాట్లాడుకునేదంతా అందులో వినిపిస్తుంది. ఎవరికి గుండె నొప్పి వచ్చింది, ఎవరి ఆవు రోడ్డెక్కింది, ఎవరి అల్లుడు తాగి ఎవరి కంచెలో దూరాడు, అన్నీ తెలుస్తాయి. తెలియకపోతే వెళ్లేదెలా? వెళ్లి చూడకపోతే అదేం పొరుగుతనం?

కనుక యాంటెన్నాను ఎంచుకోవడం పెళ్లి సంబంధం చూడడంకన్నా పెద్ద పని. ఇంట్లో మనిషి మాట వినపడకపోయినా రోజు గడుస్తుంది. స్కానర్ వినపడకపోతే గడుస్తుందా?

మొదట నేను పొడవు చూసి కొన్నాను. పెట్టెతో ఇచ్చిన పుస్తకం చదివే చదువు నాకు లేదు. పొడుగు గాలానికి పెద్ద చేప పడుతుంది గదా అనుకున్నాను. తొమ్మిది అడుగుల కడ్డీ! వెనక బంపర్‌కు బిగించాను. దారి పొడుగునా చెట్ల కొమ్మల్ని బాదుకుంటూ పోయేది. ఎక్కడో ఓక్లహోమాలో ఒక పోలీసాయన భోజనానికి పోతున్నానని చెప్పడం గంట కొట్టినట్టు వినపడింది. మా సొంత ఫైరింజన్ మాత్రం వినపడలేదు.

బర్ల్ గ్యాబర్డ్ పశువుల కొట్టం తగలబడిన రోజు నేను చేరేసరికి బూడిద కూడా చల్లారింది. చూసినవాళ్లంతా ఎదురొస్తున్నారు. "ఏం హార్లిస్, రేపు రాకపోయావా?" అన్నాడు బర్ల్. కొట్టం కాలినవాడికన్నా ఆ రోజు నాకే ఎక్కువ అవమానం.

తరువాత అద్దానికి అంటించే రకం కొన్నాను. అందులో నా వైపర్ల గోల బ్రహ్మాండంగా వినిపించింది.

చివరికి రేడియోలు బాగుచేసే క్లీటస్ దగ్గరికి పోయాను.

"నీకేం వినాలి పెద్దాయనా?" అన్నాడు.

"అన్నీ."

"అన్నీ వినేవాడు పైన ఒక్కడున్నాడు. ఆయనకి కారు లేదు. మన ఫైరింజన్‌వాళ్ల మాటలకి మూరెడు కడ్డీ చాలు. కారు పైకప్పుకి నట్టనడుమ పెట్టు. ఈ కొండల్లో పొడుగు దండగ."

"మూరెడేనా? నలుగురిలో పరువుండొద్దూ?"

"పరువు కావాలంటే టోపీ కొనుక్కో. వినాలంటే ఇది పట్టుకుపో."

పట్టుకుపోయాను. అబ్బా, ఏం యాంటెన్నా అండీ అది! కంట్రోల్ రూమ్‌లో కూర్చున్న పిల్ల చూయింగ్ గమ్ నమలడం కూడా తెలిసేది.

నవంబరులో ఒక మధ్యాహ్నం ఆ పిల్లే చెప్పింది. లోయ చివరింట్లో పంది తొడలు పొగబెట్టి నిలవచేసే కొట్టుకి నిప్పంటుకుందట. ఆ చివరిల్లు మా చెల్లెలు డెల్ఫియాది. కొట్టుకు ఆనుకునే వంటిల్లు.

ఎగిరినట్టు పోయాను. అందరికన్నా ముందు నేనే! ముందు వచ్చినవాడికి గేటు ముందు చోటు. అది మా లోయ మర్యాద. దర్జాగా అక్కడ ఆపి, డెల్ఫియాతో కలిసి బకెట్లు అందుకున్నాను. నా వెనక పద్నాలుగు కార్లు వచ్చాయి. పద్నాలుగింటికీ చక్కటి యాంటెన్నాలు. ఒకావిడ చిక్కుడుగింజల సూపు గిన్నెతో సహా వచ్చింది. ఎంత మంచి జనం!

మా రోడ్డు ఒక కారు పట్టేంతే. ఒక పక్క ఏరు, ఒక పక్క మట్టిగట్టు. ఫైరింజన్ కూత కింద మలుపు దాకా వచ్చి అక్కడే నిలబడిపోయింది. అప్పుడు నా కారు స్కానర్‌లోంచి ఫైరింజన్‌వాళ్ల పెద్ద ఎల్‌వుడ్ గొంతు వినపడింది.

"పదిహేను కార్లు అడ్డం. గేటుకడ్డంగా ఆపిన దద్దమ్మ ఎవడో, ముందు వాణ్ని లోపలికి తియ్యమనండి. వాడు కదిలితే గానీ ఎవడూ కదల్లేడు!"

ఒక్క ముక్క పోలేదు. ఆ తరువాత తిట్టిన తిట్టు కూడా స్పష్టంగా విన్నాను. మూరెడు కడ్డీని మెచ్చుకోవద్దూ?

నేను పరుగెత్తి కారు పెరట్లోకి తీశాక, నా వెనక పద్నాలుగూ ఒక్కొక్కటే లోపలికి కదిలేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. చలికాలానికి దాచిన తొడలన్నీ పోయాయి. వంటిల్లు పోయింది. ముందు గదులు రెండు మిగిలాయి.

మసి ముఖంతో డెల్ఫియా నా దగ్గరికి వచ్చింది.

"అన్నయ్యా, అంత త్వరగా ఎలా వచ్చావు?"

"యాంటెన్నా మార్చాను."

"పాతదే నయం," అని లోపలికి పోయింది.

రాత్రంతా ఆలోచిస్తే తేలింది ఒకటే. గేటుకి ఇవతల గట్టును ఆరడుగుల మేర కొట్టేస్తే, కార్లన్నీ పక్కకి ఆగి ఫైరింజన్‌కి దారిస్తాయి. కానీ అది ఒక ముసలివాడి వల్ల అయ్యే పనా?

తెల్లవారగానే షెరిఫ్ ఆఫీసుకు ఫోన్ చేసి, గొంతు మార్చి చెప్పాను. "స్లేట్‌లిక్ లోయలో ఎవడో మతి చెడిన ముసలాడు రోడ్డు పక్క గట్టంతా గునపంతో తవ్విపారేస్తున్నాడు. తొందరగా ఎవర్నయినా పంపండి."

ఆ మాట గాలిలోకి ఎక్కేలోగా ఎనిమిది పారలు కారులో వేసుకుపోయి, గట్టుకు వరసగా ఆనించి కూర్చున్నాను. పావుగంట పట్టలేదు. కింద మలుపులో కార్లు బారులు తీరాయి. లేచి, మొదట దిగినవాడి చేతిలో పార పెట్టాను.